ఆ డప్పు మోతకు సంకెళ్లు తెగాయి!

సూదులు గుచ్చిన బొమ్మ... సమాధిలోంచి లేచొచ్చే శవం... అర్ధరాత్రి అడవిలో డప్పుల మోత. ‘వూడూ’ అనగానే చాలామందికి గుర్తొచ్చేవి ఇవే. సినిమాలు నేర్పిన పాఠం అది. కానీ కరీబియన్ సముద్రంలోని హైతీ దేశంలో ఆ మాటకు అర్థమే వేరు. గొలుసులతో కట్టి ఓడల్లో కుక్కి తెచ్చిన ఆఫ్రికన్లు తమ వెంట తెచ్చుకోగలిగిన ఏకైక ఆస్తి అది. దాన్ని లాక్కోవడానికి దొరలు చట్టాలు చేశారు. దాచుకోవడానికి బానిసలు ఉపాయాలు పన్నారు. చివరికి ఆ నమ్మకమే వాళ్లను ఒక్కటి చేసింది. బానిసలు తిరగబడి, గెలిచి, సొంత దేశాన్నే ఏర్పాటుచేసుకున్న ఘట్టం ప్రపంచ చరిత్రలో ఒకే ఒక్కటి. ఆ ఘట్టం వెనకున్న దేవుళ్ల కథ ఇది.

చేదు చక్కెర

హిస్పానియోలా ఓ పెద్ద దీవి. 1697లో కుదిరిన ఒప్పందంతో దాని పడమటి భాగం స్పెయిన్ చేతి నుంచి ఫ్రాన్స్ చేతికి వచ్చింది. ఫ్రెంచివాళ్లు దానికి పెట్టుకున్న పేరు సాన్ డొమాంగ్. నేటి హైతీ అదే. వందేళ్లు తిరక్కుండానే అది ప్రపంచంలోకెల్లా లాభసాటి కాలనీ అయింది. 1780ల నాటికి ఐరోపా తినే చక్కెరలో దాదాపు 40 శాతం, తాగే కాఫీలో సగానికి పైగా అక్కడి నుంచే వెళ్లేది. పారిస్‌లో కాఫీ కప్పు పట్టుకుని స్వేచ్ఛ, సమానత్వం గురించి చర్చించుకునే పెద్దమనుషులకు ఆ కప్పులోని తీపి ఎక్కడినుంచి వచ్చిందో తెలియక కాదు. తెలిసినా అడిగేవాళ్లు తక్కువ.

1789 నాటికి అక్కడున్న బానిసలు సుమారు 5 లక్షలు. తెల్లవాళ్లు 30 నుంచి 40 వేలు. బానిసత్వం నుంచి బయటపడిన నల్లవాళ్లూ మిశ్రమ సంతతివాళ్లూ కలిసి మరో 30 వేలు. అంటే, ఒక్కో తెల్లమనిషికి పదిమందికి పైగా బానిసలన్నమాట. ఆ కొద్దిమంది అంతమందిని అదుపులో పెట్టాలంటే ఒకటే మార్గం... భయం.

చెరకు కోత కాలంలో పగలూ రాత్రీ పని. గానుగ రోలర్ల మధ్య చెయ్యి ఇరుక్కుంటే, మనిషి మొత్తం లోపలికి పోకుండా ఆ చేతిని నరికేయడానికి పక్కనే గొడ్డలి ఉంచేవారట. మరుగుతున్న పానకం మీదపడి కాలిపోయినవాళ్లకు లెక్కే లేదు. పుట్టేవాళ్ల కన్నా చచ్చేవాళ్లే ఎక్కువ. అయినా యజమానులు పెద్దగా దిగులుపడలేదు. ఉన్నవాళ్లను బతికించుకోవడం కంటే కొత్తవాళ్లను కొనుక్కోవడమే చౌక అనుకున్నారు. 1780ల చివర్లో ఏటా పాతికవేలకు మించి ఆఫ్రికన్లను ఓడల్లోంచి దించారు.

వాళ్లు ఊహించని ఫలితం ఒకటి అక్కడే మొదలైంది. ఎప్పటికప్పుడు కొత్తవాళ్లు వస్తూ ఉండటంతో కాలనీలోని బానిసల్లో ఎక్కువమంది ఆఫ్రికాలో పుట్టినవాళ్లే ఉండేవారు. అమ్మభాష మర్చిపోని వాళ్లు, ఊరి దేవతల పేర్లు నాలుక మీదున్న వాళ్లు, కొందరైతే అక్కడి యుద్ధాల్లో పోరాడిన సైనికులు. యజమాని కొన్నది చేతుల్నీ కాళ్లనీ అనుకున్నాడు. వచ్చింది మాత్రం దేవుళ్లతో సహా మనుషులు.

ఆత్మకు బాప్తిస్మం... ఒంటికి కొరడా

బానిసలను ఎలా ఉంచాలో చెబుతూ ఫ్రాన్స్ రాజు 14వ లూయీ 1685లో ఓ శాసనం చేశాడు. పేరు ‘కోడ్ న్వార్’... అంటే నల్ల చట్టం. అందులో రెండో నిబంధన ప్రకారం బానిసలందరికీ బాప్తిస్మం ఇప్పించి, కేథలిక్ మతం బోధించాలి. మూడో నిబంధన ప్రకారం ఆ మతం తప్ప మరేదీ బహిరంగంగా ఆచరించకూడదు. పదహారోది ఇంకా కీలకమైనది. వేర్వేరు యజమానుల బానిసలు పగలైనా రాత్రైనా ఒకచోట గుమిగూడకూడదు... పెళ్లి పేరుతో కూడా! మీరితే కొరడా దెబ్బలు, ఒంటిపై కాల్చిన ముద్ర. పదేపదే మీరితే మరణమే.

అదే చట్టంలో 44వ నిబంధన బానిసలను ‘చరాస్తి’ అంది. కుర్చీ, బల్ల, గుర్రంలాగే వాళ్లనూ పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. వాళ్లకు ఆత్మ ఉందనీ, దాన్ని రక్షించాలనీ చెప్పిన కాగితమే వాళ్ల శరీరాన్ని సామాన్ల జాబితాలో చేర్చింది. ఈ రెంటినీ కలిపి ఉంచింది ఒకే వాదన. ఆఫ్రికన్లు అజ్ఞానంలో ఉన్నారు, బానిసత్వం ద్వారానైనా నిజమైన దేవుడి దగ్గరికి చేరుతున్నారు కాబట్టి వాళ్లకిది మేలే! దోపిడీకి పుణ్యం రంగు పూసిన వాదన అది. కొన్ని క్రైస్తవ సంఘాలకు సొంత తోటలే ఉండేవి. వాటిలో పనిచేసిందీ బానిసలే.

అయితే, మతబోధకులందరూ ఒకేలా లేరు. బానిసలకు చదువుచెప్పి, వాళ్లతో చనువుగా మెలిగిన జెస్యూట్ ఫాదర్లను యజమానులు అనుమానంగా చూశారు. 1763లో వాళ్లను కాలనీ నుంచే పంపించేశారు. దేవుడి ముందు అందరూ సమానమే అన్న మాట చెరకు తోటలో ఎంత ప్రమాదకరమో దొరలకు బాగా తెలుసు.

పటంలో సెయింటు... మనసులో దేవత

నేటి బెనిన్ ప్రాంతంలోని ఫాన్ జాతివాళ్ల భాషలో ‘వోడూన్’ అంటే దైవశక్తి. వూడూ అన్న మాట అక్కడిదే. కానీ వూడూ ఒక్క జాతి మతం కాదు. ఫాన్, యొరుబా, కాంగో... ఇలా ఎన్నో ప్రాంతాల నుంచి వచ్చిన వాళ్లను కావాలనే కలగాపులగం చేసి తోటల్లో ఉంచేవారు. భాష కలవకపోతే కుట్రలు చేయలేరన్నది యజమానుల లెక్క. ఆ లెక్క తప్పింది. తలో దేవుణ్నీ తెచ్చి ఒక్క గుడిలో పెట్టుకున్నారు బానిసలు. ఏ దేశపు దేవతను ఆ ‘దేశం’ పేరుతోనే పిలుస్తూ, వరసగా అందరికీ పూజలు చేయడం వూడూలో నేటికీ కనిపిస్తుంది. విడగొట్టాలని చూసిన చోటే ఓ కొత్త జాతి పుట్టింది.

వూడూలో సృష్టికర్త ఒక్కడే. పేరు బొందియే... ‘మంచి దేవుడు’ అన్న ఫ్రెంచి మాటకు క్రియోల్ రూపమది. ఆయన దూరంగా ఉంటాడు. మనుషుల కష్టసుఖాలు చూసేవి ‘ల్వా’లనే దేవతలు. అన్నిటికన్నా ముందు పిలవాల్సింది లెగ్బాని. ద్వారం తెరిచేది ఆయనే. ఓగూ ఇనుముకూ యుద్ధానికీ అధిపతి. దంబాలా సర్పరూపుడు. ఎజిలి దాంతో తల్లుల్ని కాపాడే తల్లి.

సెయింట్ల పటాలు ఇక్కడే పనికొచ్చాయి. కాళ్ల దగ్గర పాములున్న సెయింట్ పాట్రిక్ బొమ్మలో వాళ్లకు దంబాలా కనిపించాడు. గుర్రమెక్కి కత్తి దూసిన సెయింట్ జేమ్స్‌లో ఓగూ దర్శనమిచ్చాడు. దొర చూస్తే బానిస మేరీమాత ముందు మోకరిల్లినట్టే ఉంటుంది. పైకి చట్టం గెలిచింది. లోపల మాత్రం దేవత మారలేదు. దీన్ని వట్టి ముసుగు అనుకోవడం కూడా పొరపాటేనంటారు చరిత్రకారులు. ఆఫ్రికాలోని కాంగో రాజ్యం 1491లోనే క్రైస్తవం స్వీకరించింది. అక్కడి నుంచి వచ్చిన చాలామందికి సెయింట్లు ముందే పరిచయం. వాళ్ల దృష్టిలో ఇద్దరు దేవతల్నీ కొలవడంలో విరుద్ధమేమీ లేదు.

గుడి మధ్యలో ఓ స్తంభం. దాని మీదుగానే దేవతలు దిగివస్తారని నమ్మకం. నేల మీద మొక్కజొన్న పిండితో ‘వేవే’లు గీస్తారు. మన ముగ్గుల్లాగే చిటికెడు పిండిని వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తూ వేసే గీతలవి. ఒక్కో దేవతకూ ఒక్కో ముగ్గు. డప్పుల దరువు మారేకొద్దీ ఎవరో ఒకరికి పూనకం వస్తుంది. వాళ్లను ఆ దేవతకు ‘గుర్రం’ అంటారు. పూజారిని ఊంగాన్ అనీ పూజారిణిని మాంబో అనీ పిలుస్తారు. ఆడవాళ్లకు అక్కడ సమాన స్థానం. ఆకులూ వేళ్లతో వైద్యం చేసేదీ, తగవులు తీర్చేదీ వాళ్లే.

పగలంతా పేరు కూడా సొంతం కాని మనిషి, ఆ రాత్రి ఓ గంటసేపు యుద్ధదేవత అవుతాడు. తోటివాళ్లంతా అతనికి మొక్కుతారు. తాను పశువు కాదని గుర్తుచేసే గంట అది. వూడూలో ‘రాదా’ దేవతలు ఆఫ్రికా నుంచి వచ్చిన శాంతమూర్తులు. ‘పెత్వో’ దేవతలు మాత్రం కాలనీ మట్టిలో పుట్టారు. ఉగ్రులు. వాళ్ల పూజలో కొరడా ఝళిపిస్తారు, ఈలలు వేస్తారు, తుపాకిమందు పేలుస్తారు. తోటలో వినిపించిన చప్పుళ్లే అవి. అనుభవించిన హింసను మర్చిపోకుండా పూజలోనే దాచిపెట్టుకున్నారన్నమాట.

దోమై ఎగిరిపోయినవాడు

ఈ శక్తి దొరలకు మొదటిసారి తెలిసొచ్చింది మకాందాల్ వల్ల. చెరకు గానుగలో చెయ్యి పోగొట్టుకున్న బానిస అతను అంటారు. తోట నుంచి పారిపోయి కొండల్లో తలదాచుకున్నాడు. అలా పారిపోయిన వాళ్లను ‘మరూన్లు’ అనేవారు. మూలికల గుట్టు తెలిసినవాడు, తాయెత్తులు కట్టేవాడు, మాటకారి. ఊరూరా తిరిగి సరుకులమ్మే బానిసల ద్వారా, దొరల వంటిళ్లలో పనిచేసేవాళ్ల ద్వారా పెద్ద బృందాన్నే నడిపాడని ప్రతీతి. 1750ల్లో ఉత్తర మైదానంలో మనుషులూ పశువులూ అంతుచిక్కకుండా చనిపోవడంతో విషప్రయోగమంటూ గగ్గోలు పుట్టింది. వాటిలో కొన్ని మరణాలకు జబ్బులే కారణం కావచ్చన్నది కొందరు పరిశోధకుల మాట. అప్పట్లో అదెవరూ ఆలోచించలేదు. అనుమానం వచ్చినవాళ్లనల్లా చిత్రహింసలు పెట్టారు.

1758 జనవరి 20న కాప్ ఫ్రాన్సే పట్టణంలో బానిసలందరూ చూస్తుండగా మకాందాల్‌ను గుంజకు కట్టి నిప్పుపెట్టారు. మంటల్లో అతను గింజుకుంటే గుంజ ఊడివచ్చింది. అంతే! ‘మకాందాల్ తప్పించుకున్నాడు’ అంటూ జనం హోరెత్తారు. సైనికులు వాళ్లను తరిమేసి అతన్ని మళ్లీ మంటల్లోకి తోశారు. తెల్లవాళ్లు చూసింది అతని చావు. నల్లవాళ్లు చూసింది అతను దోమై ఎగిరిపోవడం. ఆ కథను చంపడం ఎవరి తరమూ కాలేదు. తాయెత్తులకు ‘మకాందాల్’ అన్న పేరే స్థిరపడిపోతే, వాటిని తయారుచేయడాన్ని నిషేధిస్తూ అదే ఏడాది కాలనీలో ఉత్తర్వులు వెలువడ్డాయి.

అడవిలో ఆ రాత్రి

1791 ఆగస్టు 14, ఆదివారం. చర్చికి వెళ్లడం కోసం చట్టమే ఇచ్చిన సెలవు రోజు. ఆ రోజున ఉత్తర మైదానంలోని ఓ తోటలో సుమారు 200 మంది బానిసలు సమావేశమయ్యారు. చుట్టుపక్కల తోటల్లో మేస్త్రీలుగా, బండి తోలేవాళ్లుగా పనిచేసేవాళ్లు... అంటే నలుగురూ మాట వినే మనుషులు. తిరుగుబాటుకు నిర్ణయం అక్కడే జరిగింది.

ఆ రోజుల్లోనే ‘బువా కైమాన్’ అనే అడవిలో ఓ పూజ జరిగిందంటారు. నడిపించింది బూక్మన్ అనే ఆజానుబాహువు, సెసిల్ ఫాతిమాన్ అనే మాంబో. ఉరుములూ మెరుపుల మధ్య నల్ల పందిని బలిచ్చి, ఆ రక్తం సాక్షిగా ప్రమాణం చేశారట. తెల్లవాడి దేవుడు నేరాలు చేయమంటున్నాడు, మన దేవుడు న్యాయం అడగమంటున్నాడు, మన గుండెల్లోని స్వేచ్ఛ మాట వినండి... అన్న అర్థం వచ్చేలా బూక్మన్ ప్రార్థించాడని హైతీలో పిల్లలకు కూడా తెలుసు.

ఇందులో ఎంత నిజం? ఆ పూజ గురించి మొదటిసారి అచ్చులో రాసింది ఓ ఫ్రెంచి వైద్యుడు. ఆయన పుస్తకం వెలువడింది 1814లో. బానిసల మూఢత్వాన్ని ఎత్తిచూపడమే ఆయన ఉద్దేశం. ప్రార్థన మాటలు ఇంకా తర్వాత అచ్చయ్యాయి. అందుకే ఇదంతా కల్పనేనని వాదించిన పరిశోధకులూ ఉన్నారు. పూజ జరిగిందనీ తేదీ, చోటు విషయంలోనే స్పష్టత లేదనీ మరికొందరు అంటారు. అవమానించడానికి రాసిన కథను తిరగేసి జాతి జన్మకథగా మార్చుకోవడం మాత్రం హైతీ ప్రజలు చేసిన పనే.

తర్వాత జరిగినదానిపై ఎవరికీ సందేహం లేదు. ఆగస్టు 22 రాత్రి తోటలు అంటుకున్నాయి. కొద్ది వారాల్లోనే వెయ్యికి పైగా చెరకు, కాఫీ తోటలు బూడిదయ్యాయి. రెండువైపులా దారుణాలు జరిగాయి. నవంబరులో బూక్మన్‌ను చంపి, అతని తలను కాప్ ఫ్రాన్సేలో అందరికీ కనిపించేలా ఉంచారు. అతనికి ఏ దేవుడూ తోడు రాలేదని చూపించడానికే ఆ పని. అయినా పోరు ఆగలేదు.

ఇది దేవుళ్లు ఒక్కరే గెలిచిన యుద్ధం కాదు. ఫ్రెంచి విప్లవం, స్పెయిన్-బ్రిటన్‌ల ఎత్తులు, ఫ్రెంచి సైనికుల్ని పిట్టల్లా రాల్చిన పచ్చజ్వరం, తూసాన్ లువెర్చూర్ సైనిక ప్రతిభ... అన్నీ కలిశాయి. మరి వూడూ చేసిందేమిటి? చట్టం గుమిగూడనివ్వని మనుషుల్ని పూజ పేరుతో కలిపింది. వేర్వేరు భాషలవాళ్ల మధ్య నమ్మకం కుదిర్చింది. ప్రమాణం చేసినవాడు నోరు విప్పకుండా చూసింది. తుపాకీ ముందుకు నడిచే ధైర్యాన్నిచ్చింది. యుద్ధానికి ఇవన్నీ ఆయుధాలే.

1794 ఫిబ్రవరి 4న ఫ్రాన్స్ బానిసత్వాన్ని రద్దుచేయక తప్పలేదు. 1802లో నెపోలియన్ దాన్ని వెనక్కి తేవాలని పెద్ద సైన్యాన్ని పంపాడు. తూసాన్‌ను బంధించి ఫ్రాన్స్‌కు తీసుకెళ్తే, 1803 ఏప్రిల్‌లో చలికోటలోనే కన్నుమూశాడు. దెసాలిన్ పోరాటం కొనసాగించాడు. 1803 నవంబరు 18న వెర్తియేర్ దగ్గర ఫ్రెంచి సేన చివరిసారి ఓడిపోయింది. 1804 జనవరి 1న కొత్త దేశం పుట్టింది. ఐరోపావాళ్లు రాకముందు ఆ దీవిలో బతికిన తైనో తెగవాళ్లు పెట్టుకున్న పేరే తిరిగి పెట్టారు... హైతీ!

సొంతవాళ్లే నిషేధించారు

కథ ఇక్కడితో సుఖాంతమైతే బాగుండేది. గెలిపించిన మతాన్ని గెలిచిన నాయకులే దూరం పెట్టారు. నిష్ఠగల కేథలిక్ అయిన తూసాన్ 1800లోనే వూడూ సమావేశాలను నిషేధించాడు. రాత్రిళ్లు రహస్యంగా కలిసే జనం ఎంత పని చేయగలరో ఆయనకన్నా బాగా తెలిసిందెవరికి? 1805 రాజ్యాంగం ఏ మతానికీ పెద్దపీట వేయబోమంది గానీ ఆ స్ఫూర్తి ఎక్కువకాలం నిలవలేదు.

బయటి ప్రపంచం హైతీని వెలివేసింది. 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకల్ని పంపి, తమ ఆస్తినష్టానికి 15 కోట్ల ఫ్రాంకులు చెల్లిస్తేనే గుర్తిస్తామంది. ఆ ఆస్తిలో మనుషులూ ఉన్నారు. విడుదలైనవాళ్లే తమ ఖరీదు తాము కట్టుకోవాలన్నమాట! 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించినా, దానికోసం చేసిన అప్పులు పూర్తిగా తీరేసరికి 1947 వచ్చింది.

‘మేమూ నాగరికులమే’ అని నిరూపించుకోవాలన్న తపనలో హైతీ పాలకులు 1835 శిక్షాస్మృతిలో వూడూను మంత్రతంత్రాల కింద జమకట్టి నేరం చేశారు. 1864లో బిజోతోన్ అనేచోట ఓ బాలికను చంపి తిన్నారన్న ఆరోపణపై ఎనిమిదిమందికి మరణశిక్ష వేశారు. కొట్టి చెప్పించిన వాంగ్మూలాలే ప్రధాన ఆధారం. హైతీలో ఉన్న బ్రిటిష్ దౌత్యవేత్త స్పెన్సర్ సెయింట్ జాన్ 1884లో ఈ కథను పుస్తకంలోకెక్కించాడు. నల్లవాళ్లకు స్వపరిపాలన చేతకాదనడానికి ఐరోపా అంతటా అదే సాక్ష్యమైపోయింది. ఆఫ్రికాను దేశాలవారీగా పంచుకుంటున్న రోజులవి. అలాంటి పుస్తకానికి గిరాకీ ఉండటంలో వింతేముంది!

1915లో అమెరికా సైన్యం దిగింది. 1934 వరకు కదల్లేదు. రోడ్ల పనికి వెట్టిచాకిరీ పెట్టారు. పాత నిషేధాన్ని అడ్డుపెట్టుకుని గుళ్లపై దాడులు చేసి డప్పులు ఎత్తుకెళ్లారు. తిరగబడ్డ రైతుల నాయకుడు చార్లమేన్ పెరాల్తెను 1919లో కాల్చి చంపి, శవాన్ని తలుపుకు కట్టి ఫొటో తీసి పంచారు. భయపెట్టడానికి పంచిన ఆ ఫొటోలో జనానికి సిలువెక్కిన క్రీస్తు కనిపించాడు. అతన్ని అమరవీరుణ్ని చేసుకున్నారు.

సైన్యం వెళ్లిన మరుసటేడాదే, 1935లో మరో నిషేధ చట్టం వచ్చింది. 1941-42లో కేథలిక్ చర్చి ప్రభుత్వ అండతో ‘మూఢనమ్మకాల నిర్మూలన’ మొదలుపెట్టింది. డప్పులు, పూజాసామగ్రి గుట్టలుపోసి తగలబెట్టారు. దేవతలుండే చెట్లు నరికేశారు. దానికి ఎదురు నిలిచినవాళ్లూ హైతీలోనే ఉన్నారు. ఊరివాళ్ల నమ్మకాల్లో సిగ్గుపడాల్సిందేమీ లేదని జాన్ ప్రైస్-మార్స్ 1928లోనే పుస్తకం రాశారు. రచయిత జాక్ రూమేన్ 1941లో జాతుల అధ్యయనానికో సంస్థను ఏర్పాటుచేసి, మంటలపాలు కాకుండా మిగిలినవాటిని కాపాడే పని చేపట్టారు.

నియంత వేషం

పీడితుల మతమైతే చాలు, పీడకుల చేతికి చిక్కదనుకోవడానికి లేదు. 1957లో అధ్యక్షుడైన వైద్యుడు ఫ్రాన్స్వా దువాలియే ఆ సంగతి నిరూపించాడు. నల్ల కోటు, నల్ల టోపీ, ముక్కుతో మాట్లాడే తీరు... శ్మశానానికి అధిపతి అయిన బారన్ సామెది దేవతను తలపించేలా తిరిగేవాడు. కొందరు పూజారుల్ని తన మనుషులుగా చేసుకున్నాడు. పిల్లల్ని సంచిలో వేసుకుపోయే జానపద బూచాడి పేరుతో జనం పిలుచుకున్న ‘తోంతోన్ మకూత్’ అనే సాయుధ దళం వేలమందిని పొట్టనపెట్టుకుంది. 1986 ఫిబ్రవరి 7న అతని కొడుకు దేశం విడిచి పారిపోయినప్పుడు ఆ కోపం పూజారులపై పడింది. మకూత్‌లతో సంబంధం ఉన్నవాళ్లతోపాటు లేనివాళ్లూ బలైపోయారు.

1987 రాజ్యాంగం 1935 నాటి నిషేధాన్ని ఎత్తేసింది. 2003 ఏప్రిల్‌లో ప్రభుత్వం వూడూను అధికారికంగా మతంగా గుర్తించింది. పూజారులు జరిపించిన పెళ్లిళ్లకు చట్టబద్ధత కల్పించింది. గుర్తింపు కాగితం అందడానికి స్వాతంత్ర్యం వచ్చాక దాదాపు 200 ఏళ్లు పట్టిందన్నమాట.

నింద మాత్రం పోలేదు

2010 జనవరి 12న వచ్చిన భూకంపం హైతీ రాజధానిని నేలమట్టం చేసింది. శిథిలాల కింద జనం ఇంకా మూలుగుతుండగానే అమెరికా టీవీ మతప్రచారకుడు పాట్ రాబర్ట్‌సన్, స్వాతంత్ర్యం కోసం హైతీవాళ్లు సైతానుతో ఒప్పందం చేసుకున్నారనీ, ఈ శాపం దాని ఫలితమేననీ అన్నాడు. రెండు శతాబ్దాల కిందటి బువా కైమాన్ పూజకు అదీ అర్థం! అదే ఏడాది చివర్లో కలరా ప్రబలింది. ఐక్యరాజ్యసమితి శాంతిసేన శిబిరం నుంచి నదిలో కలిసిన మురుగే దానికి మూలమని తర్వాత తేలింది. కానీ అప్పట్లో జనం వేలెత్తిచూపింది ఊంగాన్‌లనే. 40 మందికి పైగా కొట్టి చంపారు.

2024 డిసెంబరులో రాజధాని పోర్టో ప్రిన్స్‌లోని సిటే సొలేయ్ మురికివాడలో ఇంకా ఘోరం జరిగింది. తన బిడ్డ జబ్బుకు చేతబడే కారణమని నమ్మిన ఓ ముఠా నాయకుడి ఆదేశంతో, ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం కనీసం 207 మందిని చంపేశారు. ఎక్కువమంది ముసలివాళ్లే. చేసింది హైతీవాళ్లే, నిజమే. కానీ వూడూ అంటే చేతబడి అన్న సమీకరణం ఒక్కరోజులో పుట్టింది కాదు. శాసనాలు, తీర్పులు, పుస్తకాలు, సినిమాలు మూడొందల ఏళ్లుగా దాన్నే వల్లెవేశాయి.

జాంబీ అసలు కథ

ఆఫ్రికన్ బానిసకు చావంటే భయం తక్కువ. చనిపోతే ఆత్మ సముద్రం దాటి పూర్వీకుల దేశమైన ‘గినే’కు చేరుతుందని నమ్మకం. మరి చచ్చాక కూడా వదలకుండా పనిచేయించుకుంటే? ఆ భయానికి పెట్టిన పేరే జాంబీ. హైతీ కథల్లో జాంబీ మనిషిని తినదు. మాటా మనసూ లేకుండా పొలంలో చాకిరీ చేస్తుంటుంది. అంటే, విముక్తి లేని బానిస. నోట్లో ఉప్పుకల్లు పడితే మేలుకుంటుందట. విలియం సీబ్రూక్ 1929లో రాసిన పుస్తకంతో ఆ మాట అమెరికాలో మార్మోగింది. 1932లో ‘వైట్ జాంబీ’ సినిమా వచ్చింది. నరమాంసం తినే రకం 1968లో జార్జ్ రొమెరో తీసిన సినిమాతో మొదలైంది. ఇక సూదుల బొమ్మ... అలాంటి మంత్రాలు ఐరోపా పల్లెల్లో పాతవే. వూడూ గుడి పూజల్లో దానికి చోటు లేదు.

పక్క దీవుల్లోనూ...

జమైకాలో 1760లో టాకీ అనే నాయకుడి తిరుగుబాటులో మంత్రగాళ్లు సైనికులకు రక్ష కట్టారని తేలడంతో, ఆ ఏడాదే ‘ఓబియా’ను నేరం చేస్తూ చట్టం వచ్చింది. క్యూబాలో యొరుబా దేవుడు షాంగో సెయింట్ బార్బరా రూపంలో పూజలందుకున్నాడు. ట్రినిడాడ్‌లో ఆఫ్రికన్ పద్ధతిలో పాడుతూ ప్రార్థించే షౌటర్ బాప్టిస్టులపై 1917లో పెట్టిన నిషేధం 1951 మార్చి 30 దాకా సాగింది. 1996 నుంచి అక్కడ ఆ రోజు జాతీయ సెలవు.

బ్రిటిష్ కాలనీల్లో బానిసత్వం పోయాక ఆ చెరకు తోటల్లోకి భారతీయ కూలీలను తెచ్చారు. 1840ల నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కిన వాళ్లలో తమిళులతోపాటు తెలుగువాళ్లూ ఉన్నారు. గయానాలో వాళ్లు తప్పెట కొట్టి, మారెమ్మకు బలులిచ్చి కొలిస్తే దాన్నీ అనాగరికమనే ఈసడించారు. డప్పు ఎవరిదైనా దొర చెవికి ఒకేలా వినిపించింది!

గుమ్మడికాయ సూప్

హైతీలో కొత్త సంవత్సరం రోజున ప్రతి ఇంటా ‘జూమూ’ సూప్ కాస్తారు. గుమ్మడికాయ, మాంసం, కూరగాయలు వేసి చేసే ఈ సూప్‌ను ఒకప్పుడు వండింది బానిసలే అయినా, తాగే హక్కు మాత్రం దొరలదేనని చెప్పుకుంటారు. అందుకే స్వాతంత్ర్యం వచ్చిన జనవరి 1న అందరూ తాగుతారు. లేనివాళ్లకు పంచుతారు. 2021లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వ సంపద జాబితాలో చేర్చింది.

సూప్‌కు దక్కిన గౌరవం ఆ దేవతలకు ఇంకా పూర్తిగా దక్కలేదు. అయినా ఏటా జులై 16న సోదో జలపాతం దగ్గర వేలమంది పోగయ్యేవారు. చర్చిలో మేరీమాతకు కొవ్వొత్తి వెలిగించినవాళ్లే, కాసేపటికి ఆ నీటి ధార కింద నిలబడి ఎజిలిని పిలిచేవారు. ఒకప్పుడు పటం వెనక దాచుకోవాల్సి వచ్చిన దేవతను పట్టపగలు, గొంతెత్తి పిలిచేవారు.